డీమొబిలైజేషన్ అంటే సైన్యాన్ని రద్దు చేయడమేనా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. రెండో ప్రపంచ యుద్ధం గురించి చదువుతుంటే 'డీమొబిలైజేషన్' అనే మాట పదే పదే వస్తోంది, నిఘంటువు తీస్తే 'సైన్యమును రద్దు చేయుట' అని ఉంది. గెలిచిన దేశం తన సైన్యాన్ని తానే ఎందుకు రద్దు చేసుకుంటుంది, ఈ మాట ఎక్కడ పుట్టింది, 'డీమాబ్' అన్నా ఇదేనా, తెలుగులో ఏమని రాయాలి అని అడిగారు.

సూటిగా జవాబు: రద్దు కాదు. యుద్ధం కోసం పెంచిన సైన్యాన్ని మళ్లీ శాంతికాలం నాటి స్థాయికి తీసుకురావడమే డీమొబిలైజేషన్. యుద్ధానికని పిలిపించిన మనుషులను పద్ధతి ప్రకారం విడుదల చేసి ఇళ్లకు పంపిస్తారు. వాళ్లు వెళ్లిపోయినా సైన్యం ఉంటుంది. డీమాబ్ అన్నది అదే మాటకు సైనికుల నోట పుట్టిన పొట్టి రూపం, మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటన్‌లో వాడుకలోకి వచ్చింది.

నేను ఇరవై ఏళ్లకు పైగా యుద్ధ చరిత్ర వ్యాసాలు, సైనికుల ఉత్తరాలు, జ్ఞాపకాలు అనువాదం చేస్తున్నాను. ఈ ఒక్క మాట దగ్గర నేను చేసిన పొరపాట్లూ ఇతరుల అనువాదాల్లో దిద్దినవీ చాలా ఉన్నాయి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

మాట పుట్టుకతో మొదలుపెడతాను, అది తెలిస్తే అర్థం దానంతటదే తేలుతుంది. లాటిన్‌లో 'మొబిలిస్' అంటే కదిలేది, చరమైనది. ఫ్రెంచి భాషలో దాని నుంచి వచ్చిన 'మొబిలిజే' అనే క్రియ మొదట్లో సైన్యానికి సంబంధించినది కూడా కాదు, న్యాయశాస్త్రంలోది. స్థిరాస్తిని చరాస్తి కింద లెక్కగట్టడాన్ని అలా అనేవారు. మనం స్థిరం, చరం అంటామే, సరిగ్గా ఆ తేడాయే. తర్వాత 19వ శతాబ్దంలో ఈ మాట సైన్యానికి అంటుకుంది. బారకుల్లో స్థిరంగా ఉన్న సైన్యాన్ని కదలడానికి సిద్ధం చేయడం మొబిలైజేషన్ అయింది. జర్మన్‌లో కూడా దీన్ని 'మొబిల్‌మాఖుంగ్' అంటారు, 'కదిలేలా చేయడం' అనే.

ఇక్కడ అప్పటి జర్మన్ రాజ్యాల్లో ఒకటైన ప్రష్యా గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేం. ఆ దేశం శాంతికాలంలో చిన్న సైన్యాన్నే ఉంచేది. యువకులు కొన్నేళ్లు శిక్షణ పొంది ఇంటికి వెళ్లిపోయి రిజర్వులో ఉండేవాళ్లు, యుద్ధం వస్తే ఉత్తర్వు అందిన వెంటనే వచ్చి తమ దళంలో చేరాలి. రైళ్లు వచ్చాక ఈ పద్ధతి భయంకరమైన వేగం అందుకుంది. 1870లో ఫ్రాన్స్‌తో యుద్ధం వచ్చినప్పుడు మూడు వారాల లోపే 4 లక్షల మందికి పైగా సైనికులను జర్మన్లు రైళ్లలో సరిహద్దుకు చేర్చారు. అలా పిలవడం ఒక శాస్త్రంగా మారినప్పుడు, పిలిచిన వాళ్లను తిరిగి పంపడానికి కూడా ఒక పద్ధతి, దానికో పేరు కావాలి కదా. అందుకే మొబిలైజేషన్ ముందు 'డీ' చేరింది. చేసినదాన్ని వెనక్కి తిప్పడం అని ఆ 'డీ'కి అర్థం. ఇంగ్లీషులో ఈ మాట 1860ల్లో కనిపిస్తుంది, అదీ ప్రష్యా యుద్ధాల సందర్భంలోనే. అంతకుముందు వేల ఏళ్లుగా సైనికులను ఇళ్లకు పంపుతూనే ఉన్నా ఈ మాట అప్పుడే ఎందుకు పుట్టిందంటే, లక్షల మంది మామూలు పౌరులను యుద్ధానికి పిలిచి మళ్లీ పౌరులుగా మార్చాల్సిన అవసరం ఆ కాలంలోనే వచ్చింది.

ఇంకో మాట కూడా తెలుసుకుంటే బొమ్మ పూర్తవుతుంది. 'కేడర్' అనే మాట మనం పార్టీ కార్యకర్తలకు వాడుతున్నాం గానీ, ఫ్రెంచిలో దాని అసలు అర్థం చట్రం, పటం చుట్టూ ఉండే ఫ్రేము. శాంతికాలంలో ఒక రెజిమెంటులో అధికారులు, అనుభవమున్న హవల్దార్ల స్థాయి వాళ్లు, కొద్దిమంది సైనికులు ఉంటారు, అది చట్రం. యుద్ధం రాగానే రిజర్వు మనుషులతో ఆ చట్రాన్ని నింపుతారు, అది మొబిలైజేషన్. యుద్ధం అయ్యాక ఖాళీ చేస్తారు, అది డీమొబిలైజేషన్. చట్రం మాత్రం గోడమీదే ఉంటుంది.

ఇప్పుడు రద్దు సంగతి. రద్దుకు ఇంగ్లీషులో వేరే మాటే ఉంది, డిస్‌బ్యాండ్. బ్యాండ్ అంటే జట్టు, దాన్ని విడగొట్టడం. ఇందులో దళమే పోతుంది. దాని నంబరు, జెండా, పేరు ఏవీ మిగలవు. 1922లో ఐర్లండ్ విడిపోయినప్పుడు బ్రిటిష్ సైన్యంలో దక్షిణ ఐర్లండ్‌కు చెందిన ఐదు పదాతి రెజిమెంట్లను ఇలా రద్దు చేశారు. ఆ ఏడాది జూన్ 12న విండ్సర్ కోటలో ఆ రెజిమెంట్లు తమ జెండాలను ఐదో జార్జి రాజుకు అప్పగించాయి. మనుషుల్లో కొందరు వేరే రెజిమెంట్లలో చేరి సైనికులుగానే కొనసాగారు. అంటే అక్కడ దళం పోయింది, సైనికుడు మిగిలాడు. డీమొబిలైజేషన్‌లో దీనికి తలకిందులు, సైనికుడు వెళ్లిపోతాడు, దళం మిగులుతుంది. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే మీరు చదివే వాక్యాల్లో ముప్పాతిక సందేహాలు తీరిపోతాయి.

తెలుగులో దగ్గరి పోలిక కావాలంటే శాసనసభను చూడండి. సభను రద్దు చేస్తే సభ్యత్వాలే పోతాయి, మళ్లీ ఎన్నికలు కావాలి. సమావేశాలను నిరవధికంగా వాయిదా వేస్తే సభ్యులు ఇళ్లకు వెళ్తారు, సభ మాత్రం ఉంటుంది. పోలిక అచ్చంగా సరిపోదు, ఎందుకంటే విడుదలైన సైనికుడి కొలువు ముగుస్తుంది, ఎమ్మెల్యే పదవి ముగియదు. కానీ సంస్థ ఉండటం, ఉండకపోవడం అనే తేడా మాత్రం ఇదే.

ఈ తేడా పదాల పట్టింపు మాత్రమే అనుకునేవాళ్లకు నేను ఇరాక్ ఉదాహరణ చెప్తాను. 2003 మే 23న అక్కడ అమెరికా నియమించిన ఆక్రమణ పాలనాధికారి పాల్ బ్రెమర్ రెండో నంబరు ఉత్తర్వుతో ఇరాక్ సైన్యాన్ని రద్దు చేశాడు. అది డిస్‌బ్యాండ్, డీమొబిలైజేషన్ కాదు. జాబితాలు రాసుకుని, ఆయుధాలు అప్పగించుకుని, చేతికి కాగితాలూ డబ్బూ ఇచ్చి, కొత్త పని చూపించి పంపే ప్రక్రియ ఏదీ జరగలేదు. లక్షల మంది ఆయుధ శిక్షణ ఉన్నవాళ్లు ఒక్క సంతకంతో జీతం లేకుండా మిగిలిపోయారు. నిరసనలు వచ్చాక నెలవారీ భత్యం ప్రకటించారు గానీ అప్పటికే నష్టం జరిగిపోయింది, వాళ్లలో కొందరు తర్వాతి తిరుగుబాటులో కలిశారు. ఒక అనువాదంలో ఈ ఘటనకు 'సైనికుల విడుదల' అని రాస్తే నేను కొట్టేసి 'సైన్యం రద్దు' అని మార్చాను. మీరు చదివే యుద్ధానంతర వ్యాసంలో ఎవరైనా 'రద్దు' అని రాస్తే ఆ తప్పే ఇటునుంచి అటు జరిగినట్టు.

సరే, అసలు ప్రక్రియ ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే ఈ మాట చుట్టూ ఉన్న ఉద్వేగమంతా అక్కడే ఉంది. యుద్ధం అయిపోయింది, లక్షల మంది ఇంటికి వెళ్లాలని తహతహలాడుతున్నారు, ఓడలు చాలవు, రైళ్లు చాలవు, అందరినీ ఒకేసారి వదిలితే ఊళ్లలో పనులు లేవు. ముందు ఎవరిని పంపాలి? డీమొబిలైజేషన్ అంటే చివరికి ఈ ప్రశ్నే.

బ్రిటన్ మొదటిసారి దీనికి తప్పు జవాబిచ్చింది. 1918 నవంబరులో ఆ సైన్యంలో దాదాపు 38 లక్షల మంది ఉన్నారు. పరిశ్రమలను తిరిగి నడిపించడానికి కావలసిన కీలక పనివాళ్లను ముందు విడిచిపెడదామని ప్రణాళిక వేశారు. కాగితం మీద చక్కగా ఉంది. కానీ అలాంటి పనివాళ్లు చాలామంది ఆఖర్న సైన్యంలోకి వచ్చినవాళ్లు, ఎందుకంటే వాళ్ల పని అవసరమని యుద్ధమంతా వాళ్లను ఫ్యాక్టరీల్లోనే ఉంచారు. ఫలితంగా ఆఖర్న వచ్చినవాడు ముందు ఇంటికి పోయాడు, నాలుగేళ్లు కందకాల్లో ఉన్నవాడు ఇంకా అక్కడే ఉన్నాడు. 1919 జనవరిలో ఫోక్‌స్టోన్, డోవర్, కలే రేవుల్లో సైనికులు తిరగబడ్డారు. యుద్ధ మంత్రిగా అప్పుడే వచ్చిన చర్చిల్ ఆ పద్ధతిని మార్చి వయసు, ఎంతకాలం పనిచేశారు, ఎన్ని గాయాలు అయ్యాయి అన్నదాన్ని బట్టి విడుదల పెట్టాడు, అప్పుడు గానీ పరిస్థితి సర్దుకోలేదు. ఏడాది తిరిగేసరికి 38 లక్షలు కాస్తా దాదాపు 9 లక్షలకు తగ్గాయి.

ఆ పాఠం రెండోసారి పనికొచ్చింది. కార్మిక మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ ఆధ్వర్యంలో యుద్ధం ముగియకముందే, 1944లోనే పథకం ప్రకటించారు. ప్రతి ఒక్కరికీ వయసునూ సర్వీసునూ కలిపి ఒక గ్రూపు నంబరు. రెండు నెలల సర్వీసు ఒక ఏడాది వయసుతో సమానం. 1945 జూన్ 18న విడుదల మొదలైంది. వరుస నంబరు ముందే తెలుసు కాబట్టి ఎవడి వంతు ఎప్పుడో వాడే లెక్క వేసుకోగలడు.

ఈ గ్రూపు నంబరు దగ్గరే నేను నా తొలి రోజుల్లో పెద్ద తప్పు చేశాను. ఒక సైనికుడు భార్యకు రాసిన ఉత్తరంలో, తన గ్రూపు వచ్చే నెలలో బయటికి వెళ్తుందని ఉంది. నేను దాన్ని దాడికి బయల్దేరే దళం అనుకుని, 'మా దళం వచ్చే నెల దాడికి బయల్దేరుతోంది' అని అనువదించాను. నిజానికి ఆయన రాసింది 'వచ్చే నెల ఇంటికి వచ్చేస్తున్నాను' అని. ఒక కుటుంబం సంతోషంతో చదివిన వాక్యాన్ని నేను భయపెట్టే వాక్యంగా మార్చేశాను. అచ్చుకు వెళ్లేముందు, సైన్యంలో పనిచేసి వచ్చిన ఒక పెద్దాయన చూసి చెప్పారు కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి 1945, 46 నాటి ఉత్తరాల్లో గ్రూపు, నంబరు, పాయింట్లు అనే మాటలు కనిపిస్తే ఆగి చూస్తాను.

పాయింట్లు అంటే అమెరికా పద్ధతి. సైన్యంలో ఉన్న ప్రతి నెలకూ ఒక పాయింటు, విదేశంలో ఉంటే నెలకు ఇంకొకటి, పాల్గొన్న పోరాటానికో పతకానికో ఐదేసి, పిల్లలుంటే ఒక్కొక్కరికి 12 చొప్పున ముగ్గురి వరకు. 1945 మేలో మొదలుపెట్టినప్పుడు ఇంటికి వెళ్లాలంటే 85 రావాలి. అక్కడి ఉత్తరాల్లో డీమాబ్ అనే మాట పెద్దగా కనిపించదు, 'డిశ్చార్జి', 'సెపరేషన్' అని ఉంటాయి. ఇంకా వెనక్కి, వాళ్ల అంతర్యుద్ధం నాటి పత్రాల్లోకి వెళ్తే 'మస్టర్డ్ అవుట్' అని ఉంటుంది. మస్టర్ అంటే సైనికులను నిలబెట్టి చూపించి లెక్క రాసుకోవడం, మూలం లాటిన్‌లో 'చూపించు' అనే మాట. మన దగ్గర కూలి పనుల హాజరు పట్టీని మస్టరు అనేది కూడా ఈ మాటే. పట్టీలో పేరు ఎక్కితే మస్టర్ ఇన్, కొట్టేస్తే మస్టర్ అవుట్. 1865 మేలో ఉత్తరాది సైన్యంలో ఉన్న పది లక్షల మందిలో నవంబరు మధ్యకల్లా 8 లక్షల మందిని అలా పంపేశారు.

విడుదల ఆలస్యమైతే ఏమవుతుందో మన దేశంలోనే జరిగింది. 1946 జనవరిలో ఇక్కడి స్థావరాల్లో ఉన్న బ్రిటిష్ వైమానిక దళం సిబ్బంది, యుద్ధం అయిపోయినా ఇంటికి పంపడం లేదని సమ్మె చేశారు, కరాచీ దగ్గర ద్రిగ్ రోడ్ స్థావరంలో అది మొదలైంది. తర్వాతి నెల 18న బొంబాయిలో 'తల్వార్' శిక్షణ కేంద్రంలో మొదలైన భారత నావికుల తిరుగుబాటుకు తిండి, జాతి అవమానాలు, స్వాతంత్ర్య కాంక్ష ముఖ్య కారణాలైనా, విడుదల ఆలస్యం, బయటికి వెళ్లాక బతుకు ఎలా అన్న టెన్షన్ కూడా వాళ్ల ఫిర్యాదుల్లో ఉన్నాయి. యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యంలో సుమారు 25 లక్షల మంది ఉన్నారని గుర్తు చేసుకోండి. అందులో ఎక్కువమంది యుద్ధం కోసమే చేరినవాళ్లు.

డీమాబ్ గురించి అడిగారు కదా. బ్రిటన్‌లో విడుదలైన ప్రతివాడికీ యూనిఫాం బదులు వేసుకోవడానికి ప్రభుత్వం సూటు, చొక్కాలు, టై, బూట్లు, రెయిన్‌కోటు, టోపీ ఇచ్చేది. దాన్నే 'డీమాబ్ సూట్' అన్నారు. అందరికీ కొలతలు సరిపోయేవి కావు, అయినా ఆ సూటు వేసుకుని రైలు దిగడమే యుద్ధం ముగిసిందనడానికి గుర్తు. ఇక 'డీమాబ్ హ్యాపీ' అంటే విడుదల దగ్గర పడేసరికి పని మీద మనసు నిలవని స్థితి. ఇప్పుడు ఉద్యోగం మానేయబోయే వాళ్ల గురించి, సెలవులకు ముందు రోజుల గురించి కూడా అంటారు. ఇలాంటి చోట సైన్యం ఊసే ఉండదు కాబట్టి, 'వెళ్లిపోయే రోజు దగ్గర పడి పని మీద ధ్యాస లేకపోవడం' అని రాయండి.

కొంచెం పక్కకి వెళ్తాను, డిస్మిస్ అనే మాట కూడా మనవాళ్లను తికమక పెడుతుంది. మనకు డిస్మిస్ అంటే ఉద్యోగం ఊడటం. పెరేడ్‌లో డిస్మిస్ అంటే 'ఇక వెళ్లవచ్చు' అనే, ఎన్‌సీసీ చేసినవాళ్లకు 'విసర్జన్' అనే హిందీ ఆజ్ఞ గుర్తుండే ఉంటుంది. మూలంలో 'పంపించివేయడం' అనే అర్థమే ఉంది. రోమన్ సైన్యంలో విడుదలను 'మిస్సియో' అనేవారు, అంటే పంపడం. పూర్తికాలం పనిచేసి గౌరవంగా వెళ్లేది ఒకటి, గాయం వల్లో జబ్బు వల్లో వెళ్లేది ఒకటి, నేరం చేసి అవమానంతో వెళ్లేది ఒకటి అని మూడు రకాలు రాసేవారు. కాలం పూర్తిచేసుకుని విశ్రాంతి సంపాదించుకున్న సైనికుణ్ణి 'ఎమెరిటస్' అనేవారు. ఇప్పుడు విశ్రాంత ప్రొఫెసర్లకు ఇచ్చే ఎమెరిటస్ గౌరవం ఆ సైనికుడి దగ్గర్నుంచి వచ్చిన మాటే. నాకు ఈ సంగతి తెలిసిన రోజు చాలా ఇష్టంగా అనిపించింది, అందుకే చెప్పకుండా ఉండలేకపోయాను.

ఈ కాలం వార్తల్లో ఈ మాట ఇంకో రూపంలో వస్తుంది. ఐక్యరాజ్యసమితి పత్రాల్లో డీడీఆర్ అని చూస్తారు, అంటే ఆయుధాలు అప్పగించడం, డీమొబిలైజేషన్, తిరిగి సమాజంలో కలవడం, ఈ మూడూ. ఇక్కడ దేశ సైన్యాలే కాదు, తిరుగుబాటు దళాలు కూడా వస్తాయి. నేపాల్‌లో మావోయిస్టు సైన్యంలో 19,602 మందిని ఐక్యరాజ్యసమితి పరిశీలించి ధృవీకరించింది, చివరికి నేపాల్ సైన్యంలో చేరింది 1,400 మంది పైచిలుకు మాత్రమే, మిగతావాళ్లలో అత్యధికులు డబ్బు తీసుకుని ఇళ్లకు వెళ్లారు. ఇలాంటి చోట దళం కూడా నిజంగానే రద్దవుతుంది, కాబట్టి నేను పైన చెప్పిన తేడా తిరుగుబాటు దళాలకు అంత గట్టిగా వర్తించదు. అయినా డీమొబిలైజేషన్ అన్నది ఆ మనిషికి జరిగేదాన్ని చెప్తుంది.

కొలంబియాలో అయితే ఈ మాట మీదే పంతం వచ్చింది. అంతకుముందు 2003 నుంచి 2006 మధ్య మితవాద సాయుధ ముఠాల నుంచి 30 వేల మందికి పైగా విడుదలయ్యారు, వాళ్లకు ఈ ముద్ర పడింది. 2016లో ఒప్పందం కుదుర్చుకున్న ఫార్క్ గెరిల్లాలు తమకు ఆ మాట వద్దన్నారు, తాము లొంగిపోవడం లేదని, ఆయుధాలు విడిచి రాజకీయాల్లోకి వస్తున్నామని, తమది 'తిరిగి కలవడం' అని రాయించుకున్నారు. వాళ్ల గురించి అనువదించేటప్పుడు 'లొంగుబాటు' అని రాయడం మన పత్రికల్లో అలవాటు. లొంగుబాటు అంటే ఓటమి ఒప్పుకోవడం. దయచేసి అలా రాయకండి.

ఇక తెలుగులో ఏమనాలి. మొబిలైజేషన్‌కు 'సైనిక సమీకరణ' స్థిరపడింది, బాగుంది. దానికి ఎదురు మాట మాత్రం స్థిరపడలేదు. 'సేనల ఉపసంహరణ' పూర్తిగా తప్పు, అది ఒక చోటి నుంచి సైన్యాన్ని వెనక్కి రప్పించడం, వెనక్కి వచ్చినవాడు ఇంకా సైనికుడే. 'సైన్య విసర్జన' అని కొందరు రాస్తారు, సంస్కృతం ప్రకారం సరైనదే, కానీ మామూలు పాఠకుడికి విసర్జన అనగానే వేరే అర్థం స్ఫురిస్తుంది. 'నిరాయుధీకరణ' ఆయుధాలకు సంబంధించినది, మనుషులకు కాదు. నేను మనుషుల గురించి అయితే 'సైనికుల విడుదల' అనీ, మొత్తం వ్యవస్థ గురించి అయితే 'సైన్యాన్ని శాంతికాల స్థాయికి తగ్గించడం' అనీ రాస్తాను, మొదటిసారి వచ్చిన చోట పక్కనే డీమొబిలైజేషన్ అని కూడా పెడతాను. 'విడుదల' అంటే జైలు గుర్తొస్తుందని ఒక సంపాదకుడు అభ్యంతరం చెప్పారు. సినిమా కూడా విడుదల అవుతుంది, నీళ్లూ విడుదల అవుతాయి, కాబట్టి ఆ భయం అక్కర్లేదని నా అభిప్రాయం. 'యుద్ధ సేవ నుంచి విడుదల' అని ఒక్కసారి రాస్తే ఇక అనుమానమే ఉండదు.

ఒక జాగ్రత్త చెప్పి ఆపుతాను. సర్వీసు పూర్తయి పింఛనుతో ఇంటికొచ్చిన సైనికుణ్ణి డీమొబిలైజ్ అయ్యాడు అనకండి, ఆయన రిటైరయ్యాడు, అంతే. అలాగే క్రమశిక్షణ చర్యతో పంపినా, ఆరోగ్యం బాగాలేక పంపినా అది డిశ్చార్జి. యుద్ధం కోసం పిలిచి, యుద్ధం అయ్యాక సామూహికంగా పంపినప్పుడే ఈ మాట. మీరు చదువుతున్న వ్యాసంలో 1945 తర్వాతి బ్రిటన్ సంగతే ఉంటే, 'రద్దు' ఉన్న ప్రతి చోటా 'విడుదల' పెట్టి మళ్లీ చదవండి, వాక్యాలు వాటంతటవే అర్థమవుతాయి.